నింగికి నిచ్చెన వేసినవారు

‘ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానన్నదట’ అని మనకొక సామెత ఉంది. శక్తికి మించిన పనికి పూనుకొనేవారిని ఎత్తిపొడవడానికి పెద్దలు ఈ మాట వాడుతుంటారు. గత శతాబ్దపు చివరి పాతికేళ్లలో, సొంత డబ్బుతో రాకెట్లు నిర్మించి అంతరిక్షాన్ని చేరుకుంటామని ముందుకు వచ్చిన కొందరు వ్యాపారులకు లోకం ఇంచుమించు ఇదే సమాధానం చెప్పింది. అలా అనడానికి తగిన కారణం కూడా ఉంది. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది. 1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ భూమిని చుట్టి వచ్చాడు. 1969 జూలై 20న అమెరికా వ్యోమగాములు చంద్రునిపై కాలు మోపారు. ఈ విజయాల వెనుక ఉన్నవి రెండు అగ్రరాజ్యాల ఖజానాలు, లక్షలాది మంది శ్రమ. అటువంటి కార్యాన్ని ఒక స్థిరాస్తి వ్యాపారో, ఒక బ్యాంకు యజమానో సాధించగలడంటే ఎవరు నమ్ముతారు?

అయినా ఆ కార్యం జరిగింది. 2020 మే 30న ఇద్దరు అమెరికా వ్యోమగాములు ఒక ప్రైవేటు సంస్థ నిర్మించిన వ్యోమనౌకలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయలుదేరారు. ఈ విజయాన్ని గురించి రెండు రకాల అభిప్రాయాలు వినిపిస్తుంటాయి. ప్రభుత్వాలకు చేతకాని పనిని వ్యాపారులు చేసి చూపించారని కొందరంటారు. ఇదంతా కోటీశ్వరుల వేడుక తప్ప మరేమీ కాదని మరికొందరంటారు. నా దృష్టిలో ఈ రెండూ సగం సత్యాలే. సాహసం ఆ వ్యాపారులది, పునాది ప్రజలది. ఈ రెండింటినీ కలిపి చూసినప్పుడే అంతరిక్షంపై ఎవరికి ఎంత హక్కు ఉన్నదో, ఎవరికి ఎంత బాధ్యత ఉన్నదో మనం తేల్చుకోగలం.

ముందుగా సాహసాన్ని గురించి చెప్పుకొందాం. ఈ రంగంలో తొలి అడుగులు వేసినవారిలో చాలామంది పేర్లు ఇప్పుడు ఎవరికీ గుర్తులేవు. 1975లో పశ్చిమ జర్మనీకి చెందిన లుట్జ్ కైజర్ అనే ఇంజనీరు ఓట్రాగ్ అనే సంస్థను స్థాపించాడు. ఒకే రకమైన సన్నని గొట్టాలను కట్టగా కూర్చి చౌకగా రాకెట్ తయారు చేయాలన్నది అతని ఆలోచన. 1977లో ఆఫ్రికాలోని జైర్ దేశంలో, అంటే నేటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో, ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఉపగ్రహాన్ని మోయగల రాకెట్ ఆయుధాన్ని కూడా మోయగలదన్న అనుమానం ఇతర దేశాలను కలవరపెట్టింది. ఒత్తిడి పెరగడంతో 1979లో ఆ సంస్థ జైర్‌ను విడిచిపెట్టవలసి వచ్చింది. కైజర్ రాకెట్ కక్ష్యను చేరుకోలేకపోయింది.

అమెరికాలో హ్యూస్టన్ నగరానికి చెందిన స్థిరాస్తి వ్యాపారి డేవిడ్ హన్నా మరొక ప్రయత్నం చేశాడు. అతని సంస్థ తయారు చేయించిన మొదటి రాకెట్ 1981 ఆగస్టులో పరీక్షా సమయంలోనే పేలిపోయింది. హన్నా వెనుకంజ వేయలేదు. పూర్వ వ్యోమగామి డీక్ స్లేటన్ సారథ్యంలో మరుసటి సంవత్సరం సెప్టెంబరు 9న, టెక్సాస్ తీరంలోని మటగోర్డా దీవి నుంచి కొనెస్టోగా అనే రాకెట్‌ను ప్రయోగించారు. అది 300 కిలోమీటర్లకు పైగా ఎత్తుకు చేరింది. ప్రైవేటు పెట్టుబడితో అంతరిక్షాన్ని తాకిన మొదటి రాకెట్ అదే. ఆ ఒక్క ప్రయోగానికి అనేక ప్రభుత్వ శాఖల గడప తొక్కవలసి వచ్చింది. ప్రైవేటు ప్రయోగాలకు అనుమతులు ఇచ్చే పద్ధతిని ఏర్పరుస్తూ అమెరికా 1984లో ఒక ప్రత్యేక చట్టం చేసింది. 1990 ఏప్రిల్ 5న ఆర్బిటల్ సైన్సెస్ అనే సంస్థ రూపొందించిన పెగాసస్ రాకెట్, విమానం రెక్క కింద నుంచి విడివడి ఉపగ్రహాన్ని కక్ష్యకు చేర్చింది. మనుషులు లేని ప్రయోగాల్లో ప్రైవేటు రంగం ఆ విధంగా నిలదొక్కుకొంది.

మనిషిని పంపడం అంతకంటే కష్టమైన పని. దానికి దారి చూపింది ఒక బహుమానం. 1919లో న్యూయార్కులో హోటలు నడిపే రేమండ్ ఓర్టెగ్, న్యూయార్కు, పారిస్ నగరాల మధ్య ఎక్కడా ఆగకుండా విమానం నడిపినవారికి 25,000 డాలర్లు ఇస్తానని ప్రకటించాడు. 1927లో చార్లెస్ లిండ్‌బర్గ్ ఆ బహుమానాన్ని గెలుచుకొన్నాడు. ఆ చరిత్ర చదివిన పీటర్ డయమాండిస్, అంతరిక్షానికి కూడా అటువంటి పందెం ఉండాలని తలచి, 1996లో కోటి డాలర్ల బహుమానాన్ని ప్రకటించాడు. ముగ్గురు మనుషులను మోయగల వాహనం 100 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి రావాలి. అదే వాహనం రెండు వారాల లోపల రెండోసారి కూడా వెళ్లాలి. ప్రభుత్వ ధనం ఉపయోగించకూడదు. ఇవీ నియమాలు. ఆశ్చర్యమేమంటే, ప్రకటించేనాటికి ఆ డబ్బు పూర్తిగా అతని చేతిలో లేదు. తరువాత ఇరాన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన అన్సారీ కుటుంబం ఆదుకోవడంతో ఆ బహుమానానికి వారి పేరే వచ్చింది. ఆ కుటుంబానికి చెందిన అనూషే అన్సారీ 2006లో రష్యా వ్యోమనౌకలో సొంత ఖర్చుతో అంతరిక్ష కేంద్రానికి వెళ్లి వచ్చింది.

ఈ పోటీలో 26 బృందాలు నిలిచాయి. గెలిచింది బర్ట్ రూటన్ అనే విమాన రూపశిల్పి. అతనికి పెట్టుబడి పెట్టినవాడు మైక్రోసాఫ్ట్ స్థాపకులలో ఒకరైన పాల్ అలెన్. కాలిఫోర్నియాలోని మొహావే ఎడారిలో వారు నిర్మించిన స్పేస్‌షిప్‌వన్ వాహనంలో 2004 జూన్ 21న మైక్ మెల్విల్ అంతరిక్షపు అంచును దాటాడు. అదే సంవత్సరం సెప్టెంబరు 29న అతడే మరోసారి వెళ్లాడు. అక్టోబరు 4న బ్రయాన్ బిన్నీ 112 కిలోమీటర్ల ఎత్తుకు చేరి బహుమానాన్ని సాధించాడు. సరిగ్గా స్పుత్నిక్ ఎగిరిన తేదీ అది. పాల్ అలెన్ వెచ్చించినది రెండు కోట్ల డాలర్లకు పైమాటే. వచ్చిన బహుమానం ఒక కోటి. లాభనష్టాల లెక్క ఒక్కటే చూసుకొనే వ్యాపారి ఇటువంటి పని చేయడు. వీరందరినీ కేవలం ధనాశాపరులని తీసిపారేయడం న్యాయం కాదు.

అయితే 100 కిలోమీటర్ల ఎత్తుకు ఎగిరి కిందికి రావడం వేరు, కక్ష్యలో నిలవడం వేరు. స్పేస్‌షిప్‌వన్ గరిష్ఠ వేగం గంటకు సుమారు 3,500 కిలోమీటర్లు. భూమి చుట్టూ తిరగాలంటే గంటకు 28,000 కిలోమీటర్ల వేగం కావాలి. వేగం ఎనిమిది రెట్లు పెరిగితే దానికి కావలసిన శక్తి అరవై నాలుగు రెట్లు పెరుగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆ శక్తి అంతా వేడిగా మారి వాహనాన్ని దహించబోతుంది. ఈ రెండో మెట్టును ఎక్కడానికి పూనుకొన్నవారిలో ప్రముఖుడు ఎలాన్ మస్క్. ఒక ఇంటర్నెట్ సంస్థ అమ్మకంలో తనకు వచ్చిన సంపదతో అతడు 2002లో స్పేస్‌ఎక్స్ సంస్థను ప్రారంభించాడు.

ఆ సంస్థ తొలి రాకెట్ అయిన ఫాల్కన్ 1 కథ విద్యార్థులు తెలుసుకోదగినది. పసిఫిక్ మహాసముద్రంలోని క్వాజలీన్ పగడపు దీవులలో ఒకటైన ఒమెలెక్ నుంచి దానిని ప్రయోగించారు. 2006 మార్చి 24న జరిగిన మొదటి ప్రయోగంలో, ఉప్పుగాలికి తినివేయబడిన ఒక చిన్న అల్యూమినియం నట్టు వల్ల ఇంధనం కారి, మంట అంటుకొని రాకెట్ కూలిపోయింది. 2007 మార్చి 21న రెండో ప్రయోగంలో రాకెట్ అంతరిక్షం దాకా వెళ్లినా, పై దశ తొట్టిలోని ఇంధనం కుదుపులకు ఊగిసలాడి అదుపు తప్పింది. 2008 ఆగస్టు 3న మూడో ప్రయోగంలో, విడిపోయిన కింది దశలో ఇంకా మిగిలి ఉన్న కొద్దిపాటి తోపుడు దానిని ముందుకు నెట్టి పై దశకు ఢీకొట్టించింది. ఇంజను ఆగిన తరువాత మరికొన్ని క్షణాలు ఆగి దశలను విడదీసి ఉంటే సరిపోయేది. సంస్థ దగ్గర డబ్బు దాదాపు నిండుకొంది. ఆ చిన్న మార్పు చేసి, ఎనిమిది వారాల్లో నాలుగో రాకెట్‌ను సిద్ధం చేశారు. 2008 సెప్టెంబరు 28న అది కక్ష్యను చేరింది. వైఫల్యాన్ని దాచిపెట్టక, దాని కారణాన్ని చివరి మర దాకా వెదికి సరిదిద్దుకోవడమే ఆ విజయ రహస్యం.

ఇంతవరకు చెప్పినది సాహసం కథ. ఇక పునాది సంగతి చూద్దాం. ఫాల్కన్ రాకెట్లను నడిపే మెర్లిన్ ఇంజనులో ఇంధనాన్ని చిమ్మే పరికరం ఒక ప్రత్యేకమైన పద్ధతిలో పని చేస్తుంది. ఆ పద్ధతి అపోలో యాత్రలలో వ్యోమగాములను చంద్రునిపై దించిన ఇంజనులో మొదట ఉపయోగపడింది. మెర్లిన్ రూపకర్త టామ్ మ్యూలర్, అపోలో కోసం ఆ ఇంజనును నిర్మించిన టి.ఆర్.డబ్ల్యూ. సంస్థలోనే అంతకుముందు పని చేశాడు. స్పేస్‌ఎక్స్ నిర్మించిన డ్రాగన్ వ్యోమనౌకను వేడి నుంచి కాపాడే కవచం నాసా శాస్త్రజ్ఞులు కనిపెట్టిన పదార్థం నుంచి రూపొందినది. ఒమెలెక్ దీవి అమెరికా సైన్యపు ప్రయోగ క్షేత్రంలో భాగం. ఇంకా వెనక్కి వెళితే, కొనెస్టోగాను ఎగరేసిన ఇంజను ప్రభుత్వం నుంచి కొన్న పాత క్షిపణి భాగం. పెగాసస్‌ను మోసుకెళ్లిన విమానం నాసాది. రాకెట్‌ను నిటారుగా నేలకు దించవచ్చునని 1993లోనే ప్రభుత్వ నిధులతో నిర్మించిన డి.సి.ఎక్స్. అనే పరీక్షా వాహనం నిరూపించింది. ఈ జ్ఞానమంతా పన్నులు కట్టిన సామాన్యుల సొమ్ముతో సమకూరినదే.

జ్ఞానమే కాదు, ధనం కూడా అంతే. 2006లో నాసా స్పేస్‌ఎక్స్‌కు 27.8 కోట్ల డాలర్ల సహాయం ప్రకటించింది. ఫాల్కన్ 1 విజయం తరువాత 2008 డిసెంబరులో, అంతరిక్ష కేంద్రానికి 12 సార్లు సామగ్రి చేరవేయడానికి 160 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకొంది. కష్టకాలంలో ఆ సంస్థను నిలబెట్టింది ఆ ఒప్పందమే. అటువంటి ఆసరా లేనివారి గతి ఏమిటో ఆండ్రూ బీల్ కథ చెబుతుంది. టెక్సాస్‌కు చెందిన ఈ బ్యాంకు యజమాని 1997లో సొంత ధనంతో పెద్ద రాకెట్ నిర్మాణానికి పూనుకొని, శక్తిమంతమైన ఇంజనును పరీక్షించి చూపాడు కూడా. కాని పోటీ సంస్థలకు ప్రభుత్వం నిధులు ఇవ్వబోతుంటే తాను నెగ్గుకు రాలేనని చెప్పి, 2000 అక్టోబరులో సంస్థను మూసివేశాడు. అతడు విడిచిన పరీక్షా స్థలమే తరువాత స్పేస్‌ఎక్స్ చేతికి వచ్చింది. డబ్బు, పట్టుదల ఉన్నంత మాత్రాన ఈ రంగంలో గెలుపు దొరకదని దీనివల్ల స్పష్టమవుతుంది.

ఈ మాట విని, వ్యాపారుల గొప్ప ఏమీ లేదని తీర్మానించడం కూడా పొరపాటే. పునాది ఉన్నంత మాత్రాన ఇల్లు లేవదు. డి.సి.ఎక్స్. నిరూపించిన విషయాన్ని ప్రభుత్వ సంస్థలు ఉపగ్రహాలు మోసే రాకెట్ల దాకా తీసుకుపోలేదు. ఒకసారి వాడిన రాకెట్‌ను సముద్రంలో పారవేయడం అలవాటుగా సాగింది. ఊరు చేరగానే బస్సును తగలబెట్టి, తిరుగు ప్రయాణానికి కొత్త బస్సు కొనుక్కోవడం వంటిది ఆ అలవాటు. జెఫ్ బెజోస్ 2000లో స్థాపించిన బ్లూ ఆరిజిన్ సంస్థ 2015 నవంబరు 23న 100 కిలోమీటర్ల ఎత్తు తాకిన రాకెట్‌ను క్షేమంగా నేలకు దించింది. మరుసటి నెల 21న స్పేస్‌ఎక్స్, ఉపగ్రహాలను కక్ష్యకు పంపిన రాకెట్ మొదటి దశను దించింది. 2017 మార్చి 30న అలా దిగిన దశనే మళ్లీ ప్రయోగించింది. అంతరిక్షయానపు ఖర్చు తగ్గడానికి ఇది దారి వేసింది. విమర్శకులు అనే ‘వేడుక’ పది నిమిషాల విహారయాత్రలకు వర్తిస్తుందేమో గాని, ఈ మార్పుకు వర్తించదు.

అయితే పునాది ప్రజలదైనప్పుడు, దానిపై కట్టిన భవనంలో ప్రజలకు ఏ హక్కూ లేదనడం చెల్లదు. లాభం ఒకరికి, నష్టం ఊరందరికీ అన్నట్లు సాగకూడదు. ఇందులో మొదటిది ప్రాణరక్షణ. 2007 జూలైలో మొహావేలో ఇంజనుకు సంబంధించిన పరీక్ష జరుగుతుండగా పేలుడు సంభవించి ముగ్గురు మరణించారు. 2014 అక్టోబరు 31న రిచర్డ్ బ్రాన్సన్ స్థాపించిన వర్జిన్ గెలాక్టిక్ సంస్థ కోసం తయారైన వాహనం గాలిలోనే విచ్ఛిన్నమై సహ పైలట్ ప్రాణాలు కోల్పోయాడు. తిరిగి రావడానికి ఉపయోగించే రెక్కల గడియను అతడు కొన్ని క్షణాలు ముందుగా తీయడం వల్ల ప్రమాదం జరిగిందని విచారణలో తేలింది. ఒక మనిషి చేసే ఒక చిన్న పొరపాటు వాహనాన్నే కూల్చగలదని నిర్మాతలు ముందుగా ఊహించి, తగిన ఏర్పాటు చేయలేదని విచారణ సంఘం తప్పు పట్టింది. అయినా అమెరికాలో 2004 నాటి చట్టం, ప్రయాణికుల భద్రతపై నిబంధనలు విధించకుండా ప్రభుత్వం చేతులు కట్టివేసింది. ప్రమాదం తెలిసే ఎక్కుతున్నానని ప్రయాణికుడు సంతకం చేస్తే చాలునంది. ఆ గడువును తరువాత పలుమార్లు పొడిగించారు. పసికందు వంటి పరిశ్రమకు కొంతకాలం వెసులుబాటు ఇవ్వవచ్చు, ఎల్లకాలం ఇవ్వరాదు.

రెండోది ఆకాశపు పరిశుభ్రత. 2009 ఫిబ్రవరి 10న ఇరిడియం అనే ప్రైవేటు సంస్థకు చెందిన ఉపగ్రహం, పనికిరాకుండా పోయిన ఒక రష్యా ఉపగ్రహం సైబీరియాపై ఢీకొన్నాయి. రెండు వేలకు పైగా శకలాలు కక్ష్యలో చెల్లాచెదరయ్యాయి. ఒక్కొక్క శకలం బుల్లెట్ కంటే వేగంగా పోతూ మరొక ఉపగ్రహాన్ని ఛేదించగలదు. 2019 మేలో స్పేస్‌ఎక్స్ ఇంటర్నెట్ సేవల కోసం ఒకేసారి 60 ఉపగ్రహాలను పంపింది. ఇప్పుడవి వేల సంఖ్యకు చేరాయి. మారుమూల ప్రాంతాలకు అవి సమాచార సౌకర్యం కల్పిస్తున్న మాట నిజమే. కాని వాటి వెలుగు గీతలు దూరదర్శినుల చిత్రాలను పాడుచేస్తున్నాయని ఖగోళ శాస్త్రజ్ఞులు ఆవేదన చెందుతున్నారు. రాత్రి ఆకాశం ఏ ఒక్కరి పెరడూ కాదు. 1967 నాటి అంతర్జాతీయ అంతరిక్ష ఒప్పందం కూడా ఇదే చెబుతోంది. అంతరిక్షాన్ని సమస్త దేశాల మేలు కోసం వినియోగించాలని, ప్రైవేటు సంస్థల పనులకు సైతం ఆయా ప్రభుత్వాలే బాధ్యత వహించి పర్యవేక్షించాలని ఆ ఒప్పందం నిర్దేశిస్తోంది. భారతదేశం కూడా అందులో భాగస్వామి.

ఈ చర్చ మనకు దూరమైనది కాదు. 2021 జూలై 11న బ్రాన్సన్‌తో కలిసి ఆయన సంస్థ వాహనంలో పయనించినవారిలో తెలుగు కుటుంబంలో పుట్టి అమెరికాలో పెరిగిన బండ్ల శిరీష ఒకరు. మన దేశంలో 2020లో అంతరిక్ష రంగం ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరిచింది. హైదరాబాదుకు చెందిన స్కైరూట్ సంస్థను 2018లో స్థాపించిన పవన్‌కుమార్ చందన, నాగభరత్ డాకా ఇద్దరూ ఇస్రోలో పని చేసినవారే. వారి విక్రమ్-ఎస్ రాకెట్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి ఎగిరి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది. 2024 మే 30న చెన్నైకి చెందిన అగ్నికుల్ సంస్థ, త్రీడీ ముద్రణతో ఒకే ముక్కగా తయారైన ఇంజనుతో అక్కడి నుంచే రాకెట్‌ను ప్రయోగించింది. ఈ యువకుల సాహసం అభినందనీయం. కాని శ్రీహరికోట చరిత్రనూ మరువరాదు. 1971 నుంచి అక్కడ ప్రయోగాలు సాగుతున్నాయి. ఆ కేంద్రం కోసం దీవిలోని యానాదులు తమ నివాసాలను విడిచి కదలవలసి వచ్చింది. దేశ ప్రజలు దశాబ్దాల పాటు దానిని తమ పన్నులతో పోషించారు. నేటి ప్రైవేటు రాకెట్ లేస్తున్నది ఆ నేల మీది నుంచే.

కనుక మనం కోరవలసినవి స్పష్టమే. ప్రజాధనంతో పుట్టిన జ్ఞానాన్ని అందుకొన్న సంస్థ, తన సేవలను ప్రజా ప్రయోజనాలకు సరసమైన ధరకు అందించాలి. ప్రయాణికుల, పనివారల ప్రాణాలకు నిబంధనల రక్షణ ఉండాలి. కక్ష్యలో వదిలిన ప్రతి వస్తువును తొలగించే బాధ్యత దానిని వదిలినవారిదే కావాలి. ఈ షరతులు సాహసానికి సంకెళ్లు కావు. రహదారిపై నియమాలు ఉన్నందువల్ల ఎవరూ ప్రయాణం మానుకోలేదు. నియమాలు ఉన్నందువల్లనే అందరూ ప్రయాణించగలుగుతున్నారు.

రేపు మీలో కొందరు ఇంజనీర్లుగా, కొందరు వ్యాపారులుగా, మరికొందరు చట్టాలు చేసేవారుగా ఈ రంగంలో అడుగుపెట్టవచ్చు. ఇంజనీరు కాబోయేవారు మూడుసార్లు కూలిన రాకెట్‌ను నాలుగోసారి నిలబెట్టిన ఓర్పును ఆదర్శంగా తీసుకోవాలి. చట్టాలు చేయబోయేవారు ఆ ఓర్పుకు ఆసరాగా నిలిచిన ప్రజల సొమ్ముకు లెక్క అడగాలి. ఈ రెండు పనులూ చేసేవారు ఉన్న దేశానికే అంతరిక్షయానం నిజమైన మేలు చేస్తుంది.